సగం గ్లాసు

మంచం కింద, మా ఆయన పాత తెల్లచొక్కాలో చుట్టిన వైన్ సీసా మూడేళ్లుగా పడుకుని ఉంది.

ఆయన పనిచేసే హోటల్ యజమాని కూతురి పెళ్లికి పనివాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చారట.

ఊడ్చినప్పుడల్లా నేను దాన్ని తీసి గోడకు నిలబెట్టేదాన్ని. ఆయన వచ్చి మళ్లీ పడుకోబెట్టేవారు.

"నిలబెడితే బిరడా ఎండిపోతుందే. లోపలికి గాలి పోయిందంటే అంతా పాడు."

"సీసాకున్న భోగం నాకు లేకపోయె!"

ఆయన నవ్వేసి డ్యూటీకి వెళ్లిపోయేవారు.

పెద్ద హోటల్లో వడ్డన ఆయన పని. నాలుగింటికి వెళ్తే నేను నిద్రపోయాకే రావడం. ముక్కూమొహం తెలియని ఆడవాళ్లందరికీ ముప్ఫై ఏళ్లు కుర్చీ లాగి కూర్చోబెట్టారు. ఇక్కడ నేను రోజూ ఒక్కదాన్నే తిన్నాను. ఎదురుగా ఈయన కూర్చుంటే ఎంత బాగుండునో అని ప్రాణం కొట్టుకునేది.

నిన్నటితో ఆ ఉద్యోగం అయిపోయింది.

ఇవాళ కిటికీలో ఎండ ఇంకా ఉండగానే ఆయన సీసా తీసి చల్లటి నీళ్ల బకెట్లో పెట్టారు. నేను తల దువ్వుకుని, సిగ్గులేకుండా ఈ వయసులో పౌడరు కూడా రాసుకున్నాను.

ఆయన కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. గ్లాసులో గుక్కెడు పోసి ఆగారు.

"ముందు రుచి చూసి, బాగుందో లేదో చెప్పాలి."

పుల్లగా, వగరుగా ఉంది. బాగుందని తలూపాను.

గ్లాసు సగానికి నింపి, ముంజేతి మీద తువ్వాలు వేసుకుని, నా కుడిపక్కన నిలబడ్డారు.

"కూర్చోండి."

"ఆ, కూర్చుంటాలే."

రెండు గుక్కలు తాగానో లేదో, వంగి మళ్లీ సగానికి పోశారు. మళ్లీ నిలబడ్డారు.

నా ఎదుట కుర్చీ ఖాళీగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

లేచి, భుజాలు పట్టుకుని ఆయన్ని ఆ కుర్చీలో కుదేశాను. చేతిలోంచి సీసా లాక్కున్నాను. ఆయన ముందు ఓ గ్లాసు పెట్టి, అంచుదాకా పోశాను. నాదీ అంచుదాకా నింపుకున్నాను.

ఆయన కంగారుపడిపోయారు.

"అయ్యో, అంతంత పోయకూడదే! సగమే పోయాలి."

"సగం పోస్తే మీరు మళ్లీ లేస్తారు."