మాస్కుతో ఆపిన బంతి

"బాబూ, అంపైర్‌ని అడుగు! ఇంకో బంతి పడకముందే అడుగు!"

మైదానం అంచున కట్టిన వల వెనక నుంచి ఎవరో ముసలాయన అరుస్తుంటే కోచ్ గెరిట్‌కి ఒళ్లు మండింది.

మార్లీ హైస్కూలుకి ఇదే ఆఖరి బేస్‌బాల్ ఆట. వేసవి పోగానే పక్క ఊరి బడిలో కలిపేస్తున్నారు. జిల్లా కప్పు మార్లీకి ఒక్కసారీ దక్కలేదు. ఇప్పుడేమో స్కోరు సమానం, మార్లీ కుర్రాడు మూడో బేస్ మీద ఉన్నాడు. వాడు ఆఖరి బేస్ అయిన హోమ్ ప్లేట్ చేరితే పరుగొచ్చి కప్పు మార్లీదే.

అప్పుడే పిచ్చర్ విసిరిన బంతి, బ్యాటర్ వెనక కూర్చుని పట్టే అవతలి జట్టు క్యాచర్ చేయి జారి వల దాకా దొర్లింది. క్యాచర్ ముఖానికున్న ఇనపచువ్వల మాస్కు పీకేసి, పరుగెత్తి అందుకున్నాడు. గెరిట్‌కి కనబడింది అంతే.

"ఏం అడగాలి తాతా?"

"వాడు బంతిని మాస్కుతో ఆపాడు, నా కళ్లెదుటే! అలా ఆపితే మీవాడికి తర్వాతి బేస్ ఇచ్చి తీరాలి. గెలుపు మీదే!"

"ముప్పై ఏళ్లుగా ఆడిస్తున్నా. అలాంటి రూలు నేను వినలేదే!"

"ఉంది బాబూ. బతిమాలుకుంటున్నా, ఒక్క మాట అడుగు."

"నువ్వు వేరుశనక్కాయలు తింటూ కూర్చో తాతా. నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"అంపైర్‌కి మామగారేమోలే!" అన్నాడొకడు.

ముసలాయన తల దించుకుని వెనక్కి తగ్గాడు.

తర్వాతి బంతికే మార్లీ బ్యాటర్ అవుటై, వాళ్ల వంతు ముగిసింది. తర్వాతి ఇన్నింగ్స్‌లో అవతలివాళ్లు ఒక్క పరుగు తీశారు, మార్లీవాళ్లు ఒక్కటీ తీయలేకపోయారు. మార్లీ ఓడిపోయింది.

"మాస్కుతో బంతి ఆపకూడదట, నిజమేనా?" వెళ్లబోతున్న అంపైరమ్మని గెరిట్ వేళాకోళంగా అడిగాడు.

ఆమె ఠక్కున ఆగిపోయింది.

"ఆపాడా? వాడి వీపు అడ్డమొచ్చి నాకు కనబడలేదు. అప్పుడే అడగాల్సింది కదయ్యా! రెండో అంపైర్‌ని కనుక్కుని పరుగు ఇచ్చేసేదాన్ని. ఇంకో బంతి పడ్డాక ఎవరం ఏం చెయ్యగలం?"

గెరిట్ వల దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఆ పెద్దాయన ఏడీ?" పాప్‌కార్న్ అమ్మే ముసలి ఆర్లీన్‌ని అడిగాడు.

"ఇప్పుడే కారెక్కి వెళ్లిపోయాడు. కళ్లు తుడుచుకుంటూనే వెళ్లాడు."

"అంత గట్టిగా చెప్పాడే, ఎవరతను?"

"అరవై ఏళ్ల కిందట ఇదే కప్పు ఆటలో బంతిని మాస్కుతో ఆపి మనల్ని ఓడించాడని, మనవాళ్లు ఊళ్లోంచి తరిమేసిన మన క్యాచర్ ఓరెన్."