బయటి మనిషి

"ఈ అమ్మాయికి మీరేమవుతారు?" అడిగాడు ఓస్లండ్.

"ఏమీ కాను సార్. ఒకప్పుడు వాళ్ళ కింది వాటాలో ఉండేదాన్ని," అంది వెర్నా.

కెల్సీ తల వంచుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ అనుకున్న మాటే అది. వెర్నా తడబడకుండా చెప్పింది.

కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఓస్లండ్ గది అది. కిటికీ అవతల డులూత్ ఊరు మంచులో కూరుకుపోయి ఉంది. ఈ సాయంత్రంలోగా గ్రాంటు మంజూరు కాకపోతే నర్సింగ్ క్లాసులో కెల్సీ సీటు ఇంకొకరికి పోతుంది. గ్రాంటు కావాలంటే ఇంట్లోవాళ్ళ ఆదాయం చూపించాలి. సవతి తండ్రి తన జీతం సంగతి ఏ కాలేజీకీ చెప్పనన్నాడు. అతను చెప్పనంటే అమ్మ నోరెత్తదు.

మిగిలింది ఒక్కటే దారి. కన్నతల్లి వదిలేసి పోయిందనాలి. కళ్ళారా చూసిన బయటి మనిషి ఎవరైనా వచ్చి ఆ మాట చెప్పాలి.

"ఎప్పుడు వదిలేసింది?"

"పిల్లకి పన్నెండేళ్ళప్పుడు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు."

అనుకున్నది అంతవరకే. కానీ ఓస్లండ్ పెన్ను కింద పెట్టాడు.

"చూడండి, ఇలాంటివి రోజూ వింటాను. వదిలేసిపోయిన తల్లుల్లో సగం మంది మా పార్కింగులోనే కార్లో కూర్చుని ఉంటారు. అసలు ఆవిడెలాంటి మనిషో చెప్పండి."

వెర్నా చేతి తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"పాలు ఒలకబోసిందని ఓసారి పిల్లని బయటికి గెంటి గడియ పెట్టేసింది సార్. జనవరి. కాళ్ళకి మేజోళ్ళే ఉన్నాయి. అవి గడ్డకట్టి మెట్టుకి అంటుకుపోయాయి. అయినా పిల్ల తలుపు కొట్టలేదు. కొడితే ఇంకా కోపమొస్తుందని దానికి తెలుసు."

కెల్సీ గబుక్కున తలెత్తింది. ఇది బస్సులో అనుకున్నది కాదు.

ఆ మెట్టు కెల్సీకి గుర్తే. చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగింది. అమ్మ ప్రతిసారీ నవ్వేసి, "కలొచ్చి ఉంటుందిలేవే" అనేది. వినీ వినీ కెల్సీ తన జ్ఞాపకాన్నే అనుమానించడం నేర్చుకుంది. చలికాలంలో పాదాలు మంటపుడితే, కలలో తగిలిన చలికి కూడా ఇలాగే మండుతాయేమో అనుకునేది.

"అప్పుడా తల్లి ఏం చేస్తోంది?"

"తలుపుకి ఇవతల నిలబడి వింటోంది సార్. ఏడిస్తే తీసేదే. అది ఏడవలేదు."

"ఇదంతా కింది వాటాకి వినిపించిందా?"

"ఆ ఇంట్లో గోడలా? అట్టముక్కలు," అంది వెర్నా.

ఓస్లండ్ దరఖాస్తు దగ్గరికి లాక్కున్నాడు. మంజూరైనట్టు ముద్ర వేశాడు.

"నర్సువయ్యాక నాకు మాత్రం సూది నెమ్మదిగా గుచ్చమ్మాయ్," అన్నాడు.

నడవాలో వెర్నా తొడుగులు వేసుకుంటోంది.

"గ్రాంటు వచ్చిందిగా. పద, బస్సు దొరకదు."

కెల్సీ కదల్లేదు.

"మరి ఇన్నేళ్ళూ నాకు కలొచ్చిందనే చెప్పావెందుకమ్మా?"