మూడో సైగ

బొంబాయి సముద్రంలో మునిగిపోయిన ఓడల దగ్గరికి దిగడం చంద్రప్ప పని. సెలవు మీద నారాయణఖేడ్ వచ్చినప్పుడల్లా, ఆ ఓడల్లో కాపురం పెట్టిన చేపల ముచ్చట్లు చెప్పి భార్య భాగమ్మను నవ్వించేవాడు. తాడు సైగలూ నేర్పాడు. ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లయితే పైకి లాగమని. మూడుసార్లయితే, ఆకలైతుంది రొట్టెలు చెయ్యమని. ఆ మూడోది వాళ్లిద్దరూ సరదాకు కల్పించుకున్నదే.

ఆ రోజు చీకటి పడ్డాక కరెంటొచ్చింది కానీ, పొలం బావిలో మోటారు నీళ్లు గుంజలేదు. చంద్రప్ప వీపుకు గాలి సిలిండరు, నడుముకు తాడు కట్టుకుని అడుక్కి దిగాడు. గట్టు మీద భాగమ్మ చేతిలో తాడు ఒకసారి కదిలింది. ఆమె నవ్వుకుని తిరిగి గుంజింది.

కాసేపటికి అతడు మెట్లెక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె కొంగుతో అతని తల తుడిచింది.

"తాడు అడుగునే ఇడిసినవా?"

"ఇడిసిన. పనైపోయింది. ఇగ ఇంటికి పోదాం పా."

అప్పుడు ఆమె చేతిలో తాడు కదిలింది. ఒకటి. రెండు. మూడు.

అతడు ఆమె భుజం మీద మెల్లగా చెయ్యి వేసి తాడు వంక చూశాడు.

"మూడుసార్లు గుంజితే ఏంది అర్థం, భాగమ్మా?"