తొట్టెలో హత్య

"ఎవరు చేశారీ పని?"

జీవశాస్త్రవేత్త అయిన కోడలి కేకకు ఇల్లు అదిరింది. రంగుల ఫ్యాక్టరీ మురుగుకాలవ నుంచి తెచ్చిన చేపల్లో సగం తొట్టెలో వెల్లకిలా తేలుతున్నాయి. మిగతావి గిలగిల కొట్టుకుంటున్నాయి. అవీ పోతే ఇన్నేళ్ల పరిశోధన మట్టిపాలే.

"నా వంక చూడకు. నేనింకా పళ్లే తోముకోలేదు, తొట్టెనేం తోముతాను?" అన్నాడు భర్త.

"వాణ్ణేం అనకమ్మాయ్," అత్తగారు ముందుకొచ్చింది. "ఆ నల్లటి కంపులో పాపం ఎలా ఉంటున్నాయోనని నేనే నీళ్లు మార్చాను. మనం తాగే నీళ్లే పోశాను."

కోడలు ఉలిక్కిపడింది. "పాత నీళ్లు పారబోశారా?"

"బకెట్లోనే ఉన్నాయి. మీ ఆయన్ని పారబొయ్యమన్నాను. వాడి సంగతి తెలిసిందేగా!"

కోడలు పరుగున వెళ్లి తొట్టెలో నీళ్లు తోడేసి, బకెట్ కుమ్మరించింది. కాసేపటికి మిగిలిన చేపలు నిటారుగా ఈదసాగాయి.

"చూశావా నా బద్ధకం విలువ!" అన్నాడు భర్త.

"అయితే వాటిని చంపింది నేనేనా?" అత్తగారు తొట్టెలోకి వంగి చూసింది.

"మీరు కాదత్తయ్యా. తరతరాలుగా విషంలో బతికి వీటి ఒళ్లే మారిపోయింది. నాకిన్నాళ్లూ అనుమానమే, ఇవాళ రుజువైంది." కోడలు చచ్చిన చేపను అరచేతిలోకి తీసుకుంది. "వీటిని చంపింది మంచినీళ్లు."