ఇద్దరు తొక్కే పడవ

"ఆళ్ళిద్దర్నీ ఒకే పడవెక్కించకు బాబూ! నీకు దండవెడతాను!"

రేవు మెట్లు దిగుతూనే అరిచాడు హరిబాబు. అరిచి లాభం లేకపోయింది. ఇద్దరు కలిసి తొక్కే పడవల్లో ఖాళీగా ఉన్నది అదొక్కటే. వరసలో ముందు నిలబడ్డ పాపానికి అతని తల్లి సన్యాసమ్మని ఒక సీట్లో, భార్య గౌతమిని పక్క సీట్లో కూర్చోబెట్టేశాడు పడవలాయన. నలుగురి ముందూ దిగిపోతే బాగుండదని ఇద్దరూ బిగుసుకుని ఉండిపోయారు.

"ఏమైందండి? లైఫు జాకెట్లు వేశాను కదండి," అన్నాడు పడవలాయన, తాడు విప్పేస్తూ.

"జాకెట్లు కాదయ్యా. ఆళ్ళు అత్తాకోడళ్ళు."

"అయితేనండి?"

"మాటల్నేవు!"

"పడవెక్కాక మాటలవే వస్తాయండి," అని నవ్వాడాయన. హరిబాబు మొహంలో నెత్తురుచుక్క లేదు.

చోడవరంలో తెల్లారకుండానే కారు మాట్లాడుకుని బయల్దేరారు. దారిపొడుగునా ఒక కిటికీ దగ్గర అత్త, ఇంకో కిటికీ దగ్గర కోడలు, మధ్యలో ఏడేళ్ళ చిన్నారి. తెల్లదొరల కాలంలో బియ్యం బస్తాలు పడవలకెత్తిన కాలవ రేవు ఇది. రాతి మెట్లూ, పెంకుల గిడ్డంగీ చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉన్నాయి. హరిబాబు వాటిలో ఒక్క రాయిని కూడా సరిగ్గా చూసింది లేదు.

చూసే తీరిక ఏదీ? ఇంట్లో రెండు పొయ్యిలు. అత్త వండింది కోడలు తినదు, కోడలు వండింది అత్త ముట్టదు, ఇద్దరి మాటా కాదనలేక హరిబాబు రెండు చోట్లా తినాలి. ఈవిడ అన్నది ఆవిడకీ, ఆవిడ అన్నది ఈవిడకీ హరిబాబే మోసుకెళ్ళాలి. మధ్యలో నలిగిపోతున్నాడని వీధి వీధంతా అతని మీద జాలిపడుతోంది.

"నాన్నా, పడవ గుండ్రంగా తిరుగుతంది!" చిన్నారి చప్పట్లు కొట్టింది.

నిజమే. సన్యాసమ్మ ఒక్కతే తొక్కుతోంది. గౌతమి కాళ్ళు ముడుచుకుని అటు తిరిగి కూర్చుంది. హరిబాబుకి కాస్త ఊపిరి ఆడింది. అంతలో పడవ పోయి పోయి గుర్రపుడెక్కలో ఇరుక్కుంది.

"అమ్మా! కదలొద్దు! నేనొస్తన్నాను!"

హరిబాబు పడవలాయన దగ్గర్నుంచి జాకెట్టు లాక్కుని తొడుక్కున్నాడు. పొట్ట మీద క్లిప్పు కలవలేదు.

"ఇంతకన్నా పెద్దది లేదండి. జాకెట్టు లేకపోతే నీళ్ళలోకి వదలనండి."

"నాన్నా!" చిన్నారి గంతేసింది. "మాటలాడుకుంటన్నారు!"

హరిబాబు జాకెట్టుతో పెనుగులాడుతూనే అడిగాడు. "తిట్టుకుంటన్నారేటే?"

"నేదు. నాన్నమ్మ సేతి ఏళ్ళు మడిసి ఏటో సెప్తంది. అమ్మ కాదు కాదని తలూపుతంది."

"తర్వాత?"

"అమ్మ ఏడుస్తంది. నాన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుస్తంది. ఇప్పుడు ఇద్దరూ నీకేసే సూస్తన్నారు నాన్నా!"

అత్తాకోడళ్ళు ఒక్కసారిగా తొక్కడం మొదలుపెట్టారు. పడవ గుర్రపుడెక్కని చీల్చుకుని, ఎక్కడా వంకర పోకుండా, తిన్నగా హరిబాబు దగ్గరికే వచ్చి ఆగింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లెక్కారు.

"కలిసిపోయేరా? అమ్మయ్య! దేవుడు సల్లగా సూసేడు," అని నవ్వబోయాడు హరిబాబు. నవ్వు రాలేదు.

"ఏరా," అంది సన్యాసమ్మ. "ముసల్దాన్ని వంటింట్లోకి రావద్దని ఈ పిల్ల నీతో అన్నాదా?"

హరిబాబు కాలవ వైపు చూశాడు.

"నా సేతి కూడు కుక్కలు కూడా తినవని అత్తమ్మ అన్నారని మీరే కదండీ సెప్పేరు?" గౌతమి ముందుకొచ్చింది. "ఎన్ని రాత్రులు ఏడిసేనో మీకు తెలీదా?"

"అది కాదే..."

"ఏటి కాదు?" సన్యాసమ్మకి కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. "బంగారంనాంటి గుంట. దానికీ నాకూ నేనిపోని తగువెట్టి, ఒక కొంపలో రెండు పొయ్యిలు ఎలిగించేవు. మమ్మల్ని ఇడదీసి నువ్వు బావుకున్నదేటిరా?"

చుట్టూ జనం చేరారు. పడవలాయన కూడా చెవి ఇటే పెట్టాడు. తప్పించుకునే దారి కనబడక, బిగిసిపోయిన జాకెట్టులో అవస్థ పడుతూ, హరిబాబు తల దించుకుని గొణిగాడు.

"మీరిద్దరూ కలిసుంటే ఆదివారం ఒక్క కూరే వండుతారు కదమ్మా!"