సగం దూరం

"విమానం ఎంత దూరం వచ్చింది బాబూ?"

విమానాశ్రయం టవర్ కింద నిలబడి ముసలాయన అడగడం అది మూడోసారి.

"పన్నెండు వందల కిలోమీటర్లు. దిగేటప్పుడు చప్పుడు వినబడుతుందిలే తాతా, వెళ్లి నీడన కూర్చో," అన్నాడు పైనుంచి కంట్రోలర్ ఇయోవాని.

"అది కాదు బాబూ, అందులో మా..."

ఇయోవాని కిటికీ మూసేశాడు.

'కొంతీ'లంతా ఇంతే అనుకున్నాడు. సముద్రం అవతలి చిలీ నుంచి వచ్చేవాళ్లకు రాపానుయ్ ద్వీపం పెట్టిన పేరది.

అతని ఆత్రం అతనిది. అదే విమానంలో భార్య మహినా వస్తోంది, ఒళ్లో నెల పాపతో. కాన్పుకని చిలీ రాజధాని శాంతియాగో వెళ్లింది. ఇయోవాని ఇంకా కూతురి మొహం చూడలేదు.

శాంతియాగో నుంచి ద్వీపానికి మూడు వేల ఏడువందల యాభై కిలోమీటర్లు. మధ్యలో దిగడానికి జానెడు నేల లేదు. అందుకే సగం దూరంలో విమానం ఒక్క మాట అడుగుతుంది, రన్‌వే ఖాళీయేనా అని. అవునంటే ముందుకు. కాదంటే వెనక్కి. మళ్లీ మూడు రోజుల దాకా విమానం లేదు.

ఆ సగం దూరానికి ఇంకా పావుగంట ఉందనగా గుర్రాలు కంచె తొక్కుకుని రన్‌వే మీదకొచ్చాయి.

ఒకటి కాదు, పంతొమ్మిది. ఈ ద్వీపంలో గుర్రాన్ని కట్టేసే అలవాటు ఎవరికీ లేదు.

ఫైరింజన్ సైరన్ మోగించుకుంటూ వెంటపడింది. గుర్రాలు బెదిరిపోయాయి. ఇటు తరిమితే అటు, అటు తరిమితే ఇటు.

పన్నెండు నిమిషాలు. తొమ్మిది. ఆరు.

ఇయోవాని చేతిలో మైకు చెమటకు జారిపోతోంది.

అప్పుడు కనిపించాడు ముసలాయన. కంచె సందులోంచి దూరి, ఫైరింజన్‌కు అడ్డంగా నిలబడి, సైరన్ ఆపమని చెయ్యెత్తాడు.

చప్పుడు ఆగింది.

ఆయన గుర్రాల వెంట పడలేదు. ముందున్న ముసలి ఆడగుర్రం పక్కకు చేరి, దానితో ఏదో చెబుతూ, సముద్రం వైపు తీరిగ్గా నడిచాడు. అది ఆయన వెంట నడిచింది. దాని వెనక మిగతా పద్దెనిమిది.

ఆఖరి గుర్రం కంచె దాటేసరికి మిగిలింది ఒక్క నిమిషం.

"రన్‌వే ఖాళీయేనా?" రేడియోలో గొంతు.

"ఖాళీ. రండి," అన్నాడు ఇయోవాని.

కింద పోలీసులు ముసలాయన్ని జీపెక్కిస్తున్నారు. అనుమతి లేకుండా రన్‌వే తొక్కడం నేరం. విమానం దిగేదాకా ఉండనివ్వమని, ఆ తర్వాత ఏ శిక్షయినా వేసుకోమని బతిమాలుతున్నాడట. ఏం చేద్దామని ఫోన్లో ఇయోవానిని అడిగారు.

"రూలు రూలే. స్టేషన్‌కు తీసుకుపొండి," అన్నాడు. అతని మనసంతా పాప మీదే ఉంది.

రెండున్నర గంటల తర్వాత విమానం నేల మీద పువ్వులా వాలింది.

ఇయోవాని మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. భార్య మెళ్లో పూలదండ వేశాడు. పాపను గుండెకు హత్తుకుని నవ్వాడు, ఏడ్చాడు.

అందరూ దిగాక కెప్టెన్ దిగింది. టోపీ తీసి చుట్టూ వెతికి, వెతికి, అతని దగ్గరికొచ్చింది.

"మా నాన్నను చూశారా? జీవితమంతా గుర్రాలు కాచి నన్ను చదివించాడు. కెప్టెన్‌గా నేను దింపే మొదటి విమానాన్ని కళ్లారా చూడాలని కిందటి విమానంలోనే వచ్చాడు."