పిండి పొంగేదాకా

"ఇవాళే దాన్ని కొట్లో తిరిగిచ్చిరా," అంది రోసిత్స, మొగుడు యుద్ధం ఆట ఆడుతున్న కొత్త ల్యాప్‌టాప్‌ని చూపిస్తూ.

ఆసెన్ తల తిప్పలేదు. "ఆటకి దీన్ని మించింది లేదే. మంచం మీద, పెరట్లో, ఎక్కడ కూచుంటే అక్కడే యుద్ధం."

"అవును, కోళ్ల గూటి దగ్గరా ఆడావు. గుడ్లు మాత్రం నేను ఏరుకున్నా. గంటకే ఛార్జింగ్ అయిపోతుంది. పైగా ఆ మోత, పెనంలా ఆ వేడి!"

వేడి అన్న మాట విని వంటింట్లోంచి అత్తగారు నెవెన వచ్చింది. ఈస్టరు రొట్టెకి కలిపిన పిండి చలికి పొద్దుటి నుంచీ పొంగలేదు. ల్యాప్‌టాప్‌లోంచి వేడిగాలి వచ్చే చోట చెయ్యి పెట్టి చూసింది. గిన్నె అక్కడే పెట్టి తలుపులు మూసింది.

"ఒరేయ్, ఛార్జింగ్ తీగ తగిలించి ఆడు. పిండి పొంగేదాకా లేవకు."

ఆసెన్ మొహం వెలిగింది. గంటన్నరకి పిండి గిన్నె దాటింది. కబురు గోడ దాటింది. ఇరుగూ పొరుగూ ఆడవాళ్లు గుడ్డ కప్పిన గిన్నెలతో వరస కట్టారు.

మూడో గిన్నెకి ఆసెన్ నడుం పట్టుకుని లేవబోయాడు.

"కూచో నాయనా, చల్లారితే పిండి కుంగుతుంది," అంది పొరుగింటి స్తోయ్న. "ఇంకాస్త పెద్ద యుద్ధం పెట్టు, వేడి చాల్లేదు."

అతను దీనంగా పెళ్లాం వంక చూశాడు. "కట్టెలు కొట్టే పనేమన్నా ఉందా?"

మొగుడికి పని అడగడం వచ్చని పెళ్లయిన పదకొండేళ్లకి తెలిసింది రోసిత్సకి. ఏప్రన్ అంచుతో ల్యాప్‌టాప్ మూత మీది పిండి ఆప్యాయంగా తుడిచింది.

"ఉంది. ముందు ఆడు."